కోర్టు విడిచి పల్నాడు చేరిన బారిస్టరు

పల్నాడుకు భూమి తగాదా కొత్త కాదు. ఇక్కడి పిల్లలు ఉగ్గుపాలతో వినే పల్నాటి వీరుల కథే అన్నదమ్ముల భాగపంపకంతో మొదలవుతుంది. నలగామరాజుకు గురజాల, మలిదేవాదులకు మాచర్ల. ఆ పంపకం నిలవలేదు. కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్లు ఊళ్లు విడిచిపోయారు. గడువు తీరి తిరిగి వచ్చి తమ భాగం తమకిమ్మంటే అవతలివారు ఇవ్వలేదు. తీర్పు చెప్పే మూడో మనిషి మాట ఎవరూ వినలేదు. కారంపూడిలో కత్తులే తీర్పు చెప్పాయి. ఆ చచ్చిపోయిన వీరులకు ఏటా కార్తీక అమావాస్యనాడు కారంపూడిలో పూజలు జరుగుతూనే ఉన్నాయి.

1921లో ఈ గడ్డమీదికి ఒక బారిస్టరు వచ్చారు. అప్పటి తగాదా అన్నదమ్ములది కాదు. ఊళ్లకూ అడవి శాఖకూ మధ్య వచ్చిన తగాదా. పశువులు తరతరాలుగా మేసిన కొండవాలు సర్కారుదా, ఊరిదా అన్నది ప్రశ్న. ఆ బారిస్టరు పేరు ఉన్నవ లక్ష్మీనారాయణ. మాలపల్లి నవల రాసిన మహానుభావుడిగా ఆయనను రాష్ట్రమంతా ఎరుగును. పల్నాటి రైతుల పక్షాన నిలిచి ఏడాది జైలులో గడిపిన ప్లీడరుగా మాత్రం ఆయనను తలచుకునేవారు తక్కువ.

ఉన్నవ 1877 డిసెంబరు 4న నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఫిరంగిపురం మండలంలో ఉంది. తండ్రి శ్రీరాములు, తల్లి శేషమ్మ. పెద్ద ఆస్తిపరుల ఇల్లు కాదు. గుంటూరులో చదువు, రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణ అయ్యాక కొన్నాళ్లు బడిపంతులుగా పనిచేశారు. ఆ తర్వాత ప్లీడరు పరీక్ష ప్యాసై 1903 ప్రాంతంలో గుంటూరులో వకీలుగా పని మొదలుపెట్టారు. అప్పటి లెక్కలో అది రెండో తరగతి ప్లీడరీ. హైకోర్టు గడప తొక్కే అర్హత లేదు. మునసబు కోర్టుల దాకానే. పల్లెటూరి రైతుకు దొరికేదీ ఆ తరగతి ప్లీడరే. గట్టు తగాదాలు, ప్రామిసరీ నోట్లు, తాకట్టు దస్తావేజులు, దాయాదుల వాటాలు, చెరువు నీటి వంతులు అన్నీ ఆ బల్లమీదికే వచ్చేవి. ఎండలో బండి కట్టుకు వచ్చి కోర్టు అరుగు మీద తలపాగా పరుచుకుని పడుకునే రైతులను, వాయిదా పడిందన్న కబురు విని మళ్లీ బండి కట్టుకుని పోయే రైతులను రోజూ చూసే ఉద్యోగం అది.

వితంతువూ భూమీ

ఆ రోజుల్లోనే ఉన్నవ దంపతులు కందుకూరి వీరేశలింగం గారి బాట పట్టారు. 1902లో గుంటూరులో వితంతు శరణాలయం పెట్టారు. భార్య లక్ష్మీబాయమ్మ గారు ఆయనకు పేరుకు మాత్రమే తోడు కాదు. శరణాలయం నడిపే బరువు చాలావరకు ఆమెదే. వితంతు వివాహాలు చేయించినందుకు బంధువర్గం దూరమైంది. ఇదంతా సంఘసంస్కరణ కథగానే అందరూ చెబుతారు. అందులో భూమి సంగతి కూడా ఉన్నదని ఎవరూ పెద్దగా చెప్పరు.

1856 నాటి చట్టం వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చునన్నది. అదే చట్టంలోని రెండో సెక్షను మరొకటి చెప్పింది. మళ్లీ పెళ్లి చేసుకున్న ఆడదానికి మొదటి భర్త ఆస్తి మీద ఉన్న హక్కు ఆమె చచ్చిపోయినట్టే లెక్కగట్టి పోతుంది. అంటే చేతిలో నాలుగెకరాల చేను అనుభవిస్తున్న వితంతువు పెళ్లి చేసుకుంటే ఆ చేను మరునాడే మరిది చేతికో, బావగారి చేతికో పోతుంది. పెళ్లి చేసుకోకపోయినా ఆ చేను ఆమెది కాదు. బతికినన్నాళ్లు పండించుకు తినవచ్చు గాని, చట్టం ఒప్పుకున్న అవసరం ఉంటే తప్ప అమ్మడానికి లేదు. ఆమె పోయాక భర్త వారసులకు చేరాలి. గుంటూరు శరణాలయానికి చేరిన ఆడవాళ్ల వెనుక ఇలాంటి చేల కథలు ఎన్ని ఉన్నాయో ఊహించుకోవచ్చు. పల్లెల్లో వితంతు వివాహానికి అడ్డుపడ్డవారందరూ శాస్త్రం కోసమే అడ్డుపడ్డారని అనుకోవడం అమాయకత్వం. అడ్డుపడనివారిలో కొందరు చేను కలిసి వస్తుందనే ఊరుకుని ఉండవచ్చు కూడా.

ఈ చట్టం మారడానికి నూరేళ్లు పట్టింది. 1937 చట్టం వితంతువుకు వాటా ఇచ్చింది గాని సర్వహక్కులు ఇవ్వలేదు. 1956 హిందూ వారసత్వ చట్టంతో గాని ఆడదాని చేతిలోని ఆస్తి పూర్తిగా ఆమెది కాలేదు. లక్ష్మీబాయమ్మ గారు కన్నుమూసింది ఆ 1956లోనే. కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటా అన్నది మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి, దేశమంతటా 2005 సెప్టెంబరు నుంచి.

డబ్లిన్ చదువు

1913లో, ముప్పై ఆరేళ్ల వయసులో, ఉన్నవ సముద్రం దాటి ఐర్లండు వెళ్లారు. డబ్లిన్‌లో బారిస్టరు చదువు. ఆ సంవత్సరాల్లోనే బరంపురం నుంచి వెళ్లిన వరాహగిరి వెంకటగిరి కూడా అక్కడే న్యాయశాస్త్రం చదువుతున్నారు. తర్వాత దేశానికి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఆయనే. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్ వీధుల్లో ఐరిష్ వాళ్లు ఇంగ్లీషు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఉన్నవ స్వదేశం చేరింది ఆ ఏడాదే.

ఐర్లండు సంగతి పల్నాటి రైతుకు ఎందుకంటే, ఆ దేశం గొడవ అంతా భూమి గొడవే. భూములు ఇంగ్లీషు జమీందార్లవి, సేద్యం ఐరిష్ కౌలుదార్లది. కౌలు కట్టలేకపోతే ఇంట్లోనుంచి సామాను వీధిలో పారేసేవారు. 1879లో రైతులు భూమి సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడు మేయో జిల్లాలో ఒక జమీందారు ఏజెంటు మీద ఊరంతా కట్టుకట్టింది. కూలివాడు అతని పొలంలోకి దిగలేదు, అంగడివాడు సరుకు ఇవ్వలేదు, టపావాడు ఉత్తరం అందించలేదు. ఆ ఏజెంటు పేరు కెప్టెన్ బాయ్‌కాట్. బాయ్‌కాట్ అనే మాట లోకానికి అక్కడినుంచే వచ్చింది. చివరకు 1903లో చట్టం చేసి, జమీందార్లకు సొమ్మిచ్చి, కౌలుదార్లను భూమికి సొంతదారులను చేశారు. కోర్టులో గెలవని కేసు ఊరి కట్టుతో, ఆ తర్వాత చట్టసభలో గెలిచింది. ఉన్నవ డబ్లిన్‌లో అడుగుపెట్టేనాటికి ఇది పదేళ్లనాటి ముచ్చట. న్యాయశాస్త్రం చదివే మనిషి చెవిన పడకుండా ఉండే అవకాశం లేదు.

తిరిగి వచ్చాక మద్రాసులో కొంతకాలం ప్రాక్టీసు చేశారు. బారిస్టరు అంటే ఆ కాలంలో ధనలక్ష్మి ఇంటికి నడిచి వచ్చినట్టే. కాని 1920 డిసెంబరులో నాగపూరు కాంగ్రెసు సహాయ నిరాకరణ తీర్మానం చేసింది. సర్కారు కోర్టులను ప్లీడర్లు వదలాలి, కక్షిదారులు వదలాలి, తగాదాలను ఊళ్లలోనే పంచాయతీలు పెట్టి తీర్చుకోవాలి. టంగుటూరి ప్రకాశం, కొండా వెంకటప్పయ్య వంటివారు నల్లకోటు విప్పారు. ఉన్నవ కూడా విప్పారు. ఇరవై ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న పట్టా అది.

పుల్లరి

నేటి మాచర్ల, గురజాల, వెల్దుర్తి, దుర్గి ప్రాంతాలకు సాగర్ నీళ్లు లేని రోజులవి. జొన్న, సజ్జ, వరిగ వానమీదే పండాలి. వాన ముఖం చాటేస్తే చేలో గింజ ఉండదు. ఇంట్లో దుడ్డుకు ఆధారం పశువులు. పశువులకు ఆధారం నల్లమల అంచున ఉన్న కొండలు. ఎండాకాలం రాగానే మందలను అడవికి తోలుకుపోవడం, నాగలికి కొయ్య, ఇంటికి వాసం, పొయ్యిలోకి కంప అక్కడినుంచే తెచ్చుకోవడం తాతలనాటి అలవాటు. ఆ అలవాటుకు కాగితం లేదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. సర్కారు ఫలానా కొండను రిజర్వు చేయదలచుకుంటే ముందు ప్రకటన వేస్తుంది. దానిమీద ఎవరికి ఏ హక్కు ఉన్నా గడువులోగా సెటిల్‌మెంటు ఆఫీసరుకు అర్జీ పెట్టుకోవాలి. గడువులో పెట్టని హక్కు పోయినట్టే. చదువురాని ఊళ్లలో గెజిటు ప్రకటన ఎవరు చదివారు? దండోరా వేశారనుకున్నా, మేపు హక్కు అనేది అర్జీ పెట్టుకోవలసిన వస్తువని ఎవరికి తెలుసు? భూమికి పట్టా ఉంటుందని తెలుసు, గడ్డికి కూడా కావాలని తెలియదు. ఆ విధంగా హక్కు పోయి దాని స్థానంలో పర్మిట్టు వచ్చింది. పశువుకు ఇంత అని ఏటా కట్టవలసిన పన్ను. అదే పుల్లరి.

పుల్లరి సొమ్ముకన్నా జనాన్ని ఎక్కువ కాల్చింది బందెలదొడ్డి. పర్మిట్టు లేని పశువు రిజర్వు గీత దాటితే గార్డు పట్టి దొడ్డిలో పెడతాడు. ఇక్కడ చెల్లేది 1871 నాటి పశువుల చట్టం. జుల్మానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే ప్రకటన వేస్తారు. ఆ తర్వాత మరో ఏడు రోజులు చూసి వేలం వేస్తారు. దుక్కి అదను మీద ఎద్దుల జత దొడ్డిలో ఉంటే రైతు ఏ పాటి రేటైనా కట్టి తెచ్చుకోక తప్పదు. ఆ సంగతి దొడ్డి కాపలాదారుకూ తెలుసు. రసీదులో రాసింది ఒకటి, చేతిలో పెట్టింది మరొకటి. కొండకు గీత ఎక్కడ ఉందో చూపించే రాయి కూడా లేని చోట్ల పశువు గీత దాటిందో లేదో చెప్పేది గార్డు నోరే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. చట్టంలో రైతుకు దారి లేకపోలేదు. పశువును అన్యాయంగా పట్టారనుకుంటే పట్టిన రోజునుంచి పది రోజుల్లోగా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు పెట్టుకోవచ్చునని ఆ 1871 చట్టంలోనే ఉంది. నిజమని తేలితే వంద రూపాయల దాకా నష్టపరిహారం, కట్టిన జుల్మానా వాపసు ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. బలవంతంగా దొడ్డి విరిచి తోలుకుపోతే మాత్రం ఆరు నెలల జైలు. కాగితం మీద చూస్తే అంతా సక్రమమే. కాని అడవి అంచు పల్లెనుంచి కోర్టు ఉన్న ఊరికి బండి ప్రయాణం, ప్లీడరు ఫీజు, అర్జీ రాతకూలి, రెండు మూడు వాయిదాలు, సాక్షులకు తిండి, ఇవన్నీ కలిపితే దొడ్డి జుల్మానాకు ఎన్నో రెట్లు. పైగా మేజిస్ట్రేటు అధికారం చేతిలో ఉండే తాసిల్దారు, అడవి రేంజరు ఒకే సర్కారు ఉద్యోగులు. పది రోజుల గడువు ఎందరు రైతులకు ఉపయోగపడి ఉంటుందో చెప్పనక్కరలేదు.

1921 వేసవి

గుంటూరు జిల్లా కాంగ్రెసు తరఫున ఉన్నవ, వేదాంతం నరసింహాచారి పల్నాడు వచ్చింది ఈ పరిస్థితుల్లోనే. అప్పటికే ఊళ్లు కుతకుత ఉడుకుతున్నాయి. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జనాన్ని ఊరు ఖాళీ చేయించారన్న వార్త పల్నాడు దాకా పాకింది. ఉన్నవ వారు ఊరూరూ తిరిగి రైతుల బాధలు విన్నారు. మాచర్లలో మకాం పెట్టారు.

ప్లీడరు కనబడగానే రైతు అడిగేది ఒకటే. కేసు పెడదామా, గెలుస్తామా? ఈ ప్లీడరు కేసు పెట్టవద్దన్నారు. కోర్టు మెట్లు ఎక్కవద్దన్నారు. న్యాయం తెలిసిన మనిషి న్యాయస్థానం వద్దనడం రైతులకు మొదట విచిత్రంగానే తోచి ఉండాలి. ఊరి కట్టు అనేది మాత్రం వాళ్లకు బాగా తెలిసిన ఆయుధం. సర్కారు ఉద్యోగులకు మంగలి క్షవరం చేయలేదు, చాకలి బట్ట ముట్టలేదు, అంగడిలో ఉప్పు పప్పు అమ్మలేదు. క్యాంపు వేసిన అధికారులకు నీళ్లు మోసేవారు దొరకలేదు. పుల్లరి కట్టకుండానే మందలు అడవిలోకి వెళ్లాయి.

ఈ ఆయుధానికి రెండు వైపులా పదును ఉందని కూడా చెప్పుకోవాలి. ఏ కట్టుతో పల్నాడు అడవి శాఖను ఇబ్బంది పెట్టిందో అదే కట్టును ఊరి పెద్దలు పేదవాడి మీదా, పల్లె చివరి వాడల మీదా ఎన్నో తరాలుగా ప్రయోగిస్తూనే ఉన్నారు. కూలి ఎక్కువ అడిగినవాడికి నిప్పు పుట్టనీయకపోవడం ఏ ఊరికీ తెలియనిది కాదు. ఉన్నవకు ఆ సంగతి తెలుసునని ఆయన తర్వాత రాసిన పుస్తకమే సాక్ష్యం.

ప్రభుత్వం ఎక్కువ రోజులు చూస్తూ ఊరుకోలేదు. 1921లోనే ఉన్నవను, నరసింహాచారిని అరెస్టు చేసింది. ఏడాది జైలు. సహాయ నిరాకరణ నియమం ప్రకారం సత్యాగ్రహి కోర్టులో వాదించుకోకూడదు. తాను వేల రూపాయలకు ఇతరుల తరఫున వాదించగలిగిన బారిస్టరు తన కేసులో నోరు మెదపకుండా జైలుకు వెళ్లవలసి వచ్చింది.

ఇది గొప్ప త్యాగమే. కాని పల్నాడు లెక్కలో దీనికి ఇంకో ముఖం ఉంది. నాయకులు జైలుకు వెళ్లాక ఊళ్లకు దిక్కు చెప్పేవారు తగ్గిపోయారు. పోరాటం మాత్రం ఆగలేదు. దుర్గి ప్రాంతంలో కోలగట్ల వాడైన కన్నెగంటి హనుమంతు పుల్లరి ఇచ్చేది లేదని నిలబడ్డాడు. జిల్లాకు అప్పుడు కలెక్టరు రూథర్‌ఫర్డు. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన శిస్తు నిరాకరణ జోరుమీద ఉంది. గాంధీజీ 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన తర్వాత ఉద్యమం ఆపమన్నారు. ఆ ఫిబ్రవరిలోనే మించాలపాడు దగ్గర పశువులను పట్టడానికి వచ్చిన పోలీసు బలగానికీ ఊరివాళ్లకూ ఘర్షణ జరిగింది. తుపాకులు పేలాయి. హనుమంతు నేలకొరిగాడు. అతనితోపాటు మరికొందరి ప్రాణాలూ పోయాయి. తలకొక కొద్దిపాటి పుల్లరి కోసం మొదలైన గొడవలో ఇంత నెత్తురు పారింది. కోలగట్లలో హనుమంతు సమాధి ఉంది. అక్కడికి వెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఉన్నవ ఆ వార్త విన్నది జైలు గోడల మధ్య. కోర్టుకు పోవద్దని చెప్పిన తాను బయట ఉండి ఉంటే కాల్పుల దాకా వచ్చేదా అని ఆయన మనసులో మథనపడ్డారో లేదో తెలిపే కాగితం ఏదీ లేదు. కోర్టుకు వెళ్లి ఉంటే మాత్రం గెలిచేవారా అంటే అదీ నమ్మకంగా చెప్పలేము. గడువు దాటి నలభై ఏళ్లయిన హక్కును ఏ జడ్జీ తిరిగి ఇస్తాడు?

జైలులో పుట్టిన పల్లె

రాయవెల్లూరు జైలులో ఉన్నవ మాలపల్లి రాశారు. పల్నాడు అడవి దానిలో లేదు. మంగళాపురం అనే ఊరు ఉంది, ఊరి చివర మాలవాడ ఉంది, రామదాసు కుటుంబం ఉంది. కూలి గొడవలో రామదాసు కొడుకు సంగదాసును పెద్దరైతు చౌదరయ్య చంపుతాడు. చౌదరయ్య కొడుకు రామానాయుడే సంగదాసుకు స్నేహితుడు. మరో కొడుకు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై ధనికుల ధాన్యం దోచి పేదలకు పంచుతాడు. నేరమేమీ లేని ముసలి రామదాసు దంపతులను సెటిల్‌మెంటుకు తోలుతారు. ఊళ్లకు ఊళ్లను నేరస్థుల కులమని పేరుపెట్టి కంచెలోపల ఉంచిన సెటిల్‌మెంట్లు గుంటూరు జిల్లావాళ్లకు కట్టుకథ కాదు. బాపట్ల పక్క స్టువర్టుపురం 1913లో అలా వెలసిందే.

చట్టం, పోలీసు, కోర్టు, జైలు పేదవాడి ఇంట్లోకి ఎలా వస్తాయో లోపలినుంచి ఎరిగిన మనిషి రాసిన పుస్తకం అది. ప్లీడరుగా బయటినుంచి చూశారు, ఖైదీగా లోపలినుంచి చూశారు. వాడుకభాషలో, గుంటూరు పల్లె పలుకులో రాశారు. మద్రాసు ప్రభుత్వానికి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. పుస్తకాన్ని నిషేధించారు. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకనే నిషేధం పూర్తిగా తొలగింది.

జైలునుంచి వచ్చాక ఆయన మళ్లీ పెద్ద ప్రాక్టీసు వెంట పడలేదు. గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం దంపతులిద్దరూ పెట్టిన శారదానికేతనమే వారి సంసారమైంది. ఉప్పు సత్యాగ్రహం నాడు జైలు, 1942లో మళ్లీ జైలు. 1958 సెప్టెంబరు 25న ఉన్నవ కన్నుమూశారు.

ఆయన చూడని మార్పులు

ఆయన పోయేనాటికి నాగార్జునసాగర్ పునాది పడి మూడేళ్లే అయింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద జొన్న చేలు వరి మళ్లయ్యాయి, మిరప, పత్తి వచ్చాయి. గజం గట్టుకు కూడా ధర వచ్చింది. ధర వచ్చిన చోటికి దావా వస్తుంది. సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాక బీడుకు కూడా హద్దుల గొడవలు మొదలయ్యాయి. నరసరావుపేట, గురజాల, మాచర్ల కోర్టు ఆవరణల్లో చెట్టు కింద వాయిదా కోసం కూర్చునే మనుషులు 1903 నాటి గుంటూరు అరుగు మీది మనుషులకు మునిమనవలు.

ఒక తేడా ఉంది. ఉన్నవ నాటికి డబ్బులేని కక్షిదారుకు ఉన్న దారి పాపరు దావా ఒక్కటే. బీదవాడినని కోర్టులో రుజువు చేసుకుంటే కోర్టు ఫీజు మాఫీ అయ్యేది. ప్లీడరును వెతుక్కోవడం అతని పనే. 1976లో రాజ్యాంగంలో ఉచిత న్యాయ సహాయం చేరింది. 1987లో న్యాయసేవల చట్టం చేశారు. అది అమలులోకి వచ్చింది 1995 నవంబరు 9న. ఆ చట్టం ప్రకారం ఆడవారికి, షెడ్యూల్డు కులాలు తెగలవారికి, వికలాంగులకు, జైలులో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా వకీలును ప్రభుత్వమే ఇవ్వాలి. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. కోర్టు ఉన్న ఊళ్లలోని మండల న్యాయసేవా కమిటీకి తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు. రెండు పక్షాలూ ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ చేస్తారు. ఆ రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ, కట్టిన కోర్టు ఫీజు వాపసు. దానిమీద అప్పీలు ఉండదు కనుక సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చదివించుకోవలసిందే. 1920లో కాంగ్రెసు వారు సర్కారు కోర్టుకు పోటీగా పెట్టమన్న రాజీ పంచాయతీకీ దీనికీ పోలిక ఉంది. అది కోర్టుకు బయట. ఇది కోర్టు ఆవరణలోనే.

పుల్లరి చట్టం సంగతికి వస్తే, 1882 అటవీ చట్టం స్థానంలో 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. రిజర్వు చేసే పద్ధతి, ప్రకటన, గడువు, అర్జీ అనే వరస చాలావరకు అలాగే నిలిచింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక మాత్రం ఒక కొత్త మాట చేరింది. అడవి మీద ఆధారపడి బతికే గిరిజనులకు, మూడు తరాలుగా అంటే 75 ఏళ్లుగా అక్కడ ఉన్నట్టు చూపగలిగిన ఇతరులకు, పశువులను మేపుకునే హక్కును ఊరుమ్మడి హక్కుగా ఆ చట్టం ఒప్పుకుంది. నల్లమల అంచున ఉన్న చెంచు గూడేలకూ, మందలు కాచే ఊళ్లకూ ఇది వర్తించే సంగతి. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యంగా చెల్లుతుంది. ఆ హక్కుకు మొదటి అర్జీ పెట్టవలసింది కోర్టులో కాదు, తాసిల్దారు కచేరీలో కాదు, గ్రామసభలో.